ఆయ్ ఎక్కడ పుడుతుంది?

ఇందులో ప్రతి ముక్కా నిజం. మా ఇలవేల్పు మీద ఒట్టు.

తొంభైల్లో అమలాపురం దగ్గర ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెప్పడానికి చేరాను. నిలువెత్తు మనిషిని, గొంతు మాత్రం దోమది. పాఠం రెండో బెంచీ దాటేది కాదు. అక్కణ్ణుంచి వెనక్కి మౌర్యులైనా మొగలులైనా ఒకటే నిద్ర. ఒకరోజు హెడ్మాస్టారు పిలిచి ఎంతో మర్యాదగా చెప్పేశారు.

"క్వార్టర్లీ పరీక్షల్లోగా మీ పాఠం ఆఖరి బెంచీకి వినపడాలండి. లేదంటే క్లాసు తీసేసి లైబ్రరీ బీరువా తాళాలు ఇచ్చేస్తానండి."

ఆ బీరువాలో పుస్తకాలు చదివేవి చెదపురుగులే. వాటికి మాస్టారెందుకు?

గొంతు మీద పరిశోధన మొదలుపెట్టాను. మిరియాలు నమిలాను. పంటకాలవలో పీకల్లోతు దిగి నదుల పేర్లు అరిచాను. నర్మద దగ్గరికొచ్చేసరికి పక్కన మునిగివున్న గేదె లేచి గట్టెక్కి వెళ్ళిపోయింది. నాకు మాత్రం గొంతు బొంగురుపోయింది.

ఓ ఆదివారం మా దొడ్లో కొబ్బరికాయలు దింపడానికి ఒకాయన వచ్చాడు. చెట్టు తలమీద, మొవ్వులో మట్టల మధ్య కూర్చుని, కాలవ అవతల ఉన్న భార్యతో చేపల పులుసు గురించి తాపీగా మాట్లాడుతున్నాడు. ఆ గొంతు రహస్యమేమిటని కిందినుంచి మూడుసార్లు అడిగాను. పలకలేదు. దిగాక సంజాయిషీ చెప్పుకున్నాడు.

"కాయ పడద్ది, పక్కకి జరగండి మేస్టారూ అన్నాను. మీరు ఆయ్ అన్నారు. అది గంట కొట్టినట్టు వినపడిందండి. తర్వాత ఏదో అడిగేరు, అదే వినపళ్ళేదు."

"రెండూ నా గొంతే కదయ్యా."

"ఆయ్. మరి ఆ ఆయ్ ఎక్కణ్ణుంచొచ్చిందో, మిగతాది కూడా అక్కణ్ణుంచే అనండి."

అరుగు మీద వెల్లకిలా పడుకుని, పొట్టమీద కొబ్బరికాయ పెట్టుకుని "ఆయ్" అన్నాను. కాయ కదిలింది. "మౌర్య సామ్రాజ్యము" అన్నాను. కాయ కదల్లేదు, భుజాలు మాత్రం చెవుల దాకా లేచాయి. ఆయ్ అనేటప్పుడు నేను ఎవరికీ ఏమీ నిరూపించక్కర్లేదు. అవునండీ అని ఒప్పుకోవడమే. ఒళ్ళు వదులుగా ఉంటుంది, ఊపిరి దాని దారిన అది వస్తుంది. పాఠం చెప్పేటప్పుడు భయంతో పొట్ట రాయి అయిపోతోంది.

ఆ పూట నుంచీ ఇంట్లో ప్రతి వాక్యానికీ ముందు ఒక ఆయ్. కొన్నాళ్ళకి అదే అలవాటుగా క్లాసులోనూ నోరు జారింది. "ఆయ్. అశోకుడు..." అన్నాను. పిల్లలంతా ఒక్కసారిగా "ఆయ్" అన్నారు. అశోకుడికి అంత మర్యాద మా అమలాపురం వైపే దక్కి ఉంటుంది.

పరీక్షల ముందు హెడ్మాస్టారు వచ్చి ఆఖరి బెంచీలో కూర్చున్నారు. నా భుజాలు మళ్ళీ లేచాయి.

"మొదలెడతారాండీ?" అన్నారాయన.

"ఆయ్," అన్నాను. భుజాలు దిగాయి. ఆ ఊపిరితోనే పాఠం కూడా వచ్చేసింది. గంట కొట్టాక ఆయన లేచి, నా గొంతు దెబ్బకి పక్క గదిలో లెక్కలు వినపడటం లేదనీ, కాస్త తగ్గించమనీ బతిమాలారు.

ఈ చివరి మాట నేను కల్పించాను. ఆయన పొగడలేదు, తిట్టలేదు. గంట కొట్టేదాకా కదలకుండా విని, కండువా సర్దుకుని వెళ్ళిపోయారు. మర్నాడు బీరువా తాళాలు డ్రిల్లు మాస్టారి చేతిలో కనిపించాయి.