దెయ్యం ఏ భాష మాట్లాడింది

చోడవరంలో సన్యాసమ్మ అంటే ఏ సన్యాసమ్మ అని అడుగుతారు. 'భాషల సన్యాసమ్మ' అంటే మాత్రం ఎవరైనా ఇల్లు చూపిస్తారు. ఆమె మొగుడు ఖరగ్‌పూర్ స్టేషన్లో మూటలు మోసేవాడు. అక్కడ చాలాకాలం కాపురం చేసి, ఆయన పోయాక ఊరు తిరిగొచ్చింది. ఆస్తిపాస్తులేమీ తేలేదు గాని ప్లాట్‌ఫారం మీద విన్న భాషలన్నీ చెవిలో పెట్టుకుని తెచ్చింది. బరంపురం దాటితే ఒడియా, ఖరగ్‌పూర్ చుట్టుపక్కల బెంగాలీ, నెల్లూరు దాటి కిందికి పోతే అరవం, ఊరొచ్చాక సంతల్లో పట్టుకున్నది పాడేరు ఘాటీ కొండజనం కోందు మాట. మనిషి నోరు తెరిస్తే చాలు, ఎక్కడివాడో చెప్పేసేది. మాట్లాడడం అంతంతమాత్రమే, పోల్చడంలో మాత్రం దిట్ట.

ఆ విద్యతో ఆమెకు కూడు పెట్టించినవాడు భూతవైద్యుడు బంగార్రాజు. గాలి సోకిన మనిషి అర్థం కాని మాటలు మాట్లాడితే, అది ఏ దేశపు దెయ్యమో ముందు తేలాలట. అరవ దెయ్యమైతే నిమ్మకాయలకీ కర్పూరానికీ పోతుంది. ఒడియా దెయ్యానికి కల్లు, ఎండుచేప. కోందు దెయ్యానికి నల్లకోడి. ఏ భాషో తేలని దెయ్యానికి మాత్రం కాల్చిన ఇనుమే. దెయ్యం తన ఊరు చెప్పేదాకా వాత మీద వాత. ఇవన్నీ నీకెవరు చెప్పారయ్యా అని అడిగే ధైర్యం ఆ చుట్టుపక్కల ఎవరికీ లేదు. ఆ మహానుభావుడికి తెలుగు తప్ప మరో ముక్క రాదు, అందుకని సన్యాసమ్మను వెంట తిప్పుకునేవాడు. ఆమె చెవి ఒగ్గి విని, "ఒడియా, బాబూ" అనేది. చాలాసార్లు అది ఏ భాషా కాదు, ఒళ్లు తెలియని గొణుగుడు. ఇనుము తప్పించడానికి నోటికొచ్చిన పేరు చెప్పేసేది. దాన్ని అబద్ధమంటే అననీ, ఎంతమంది ఒళ్లు కాలకుండా మిగిలిందో వాళ్లకే తెలియదు.

ఆమె ఎవరికీ చెప్పని భాష ఒకటుంది. ఆమె పుట్టింది రంగూన్‌లో. తండ్రి రేవులో కూలీ, తల్లి బర్మా మనిషి. అక్కడ తెలుగువాళ్లను కొరంగీలనేవారు, వేళాకోళం చేసేవారు. నలభై రెండులో జపాను యుద్ధానికి పారిపోయి వస్తే దారి ఊళ్లలో బర్మావోళ్లన్నారు, ఎవరికి పుట్టారో తెలీదని నీళ్లు కూడా తాకకుండా పైనుంచి ఎత్తిపోశారు. అందుకే తండ్రి చోడవరం చేరకముందే రంగూన్ మాటెత్తనని కూతురి చేత ఒట్టు వేయించాడు. మొగుడికి కూడా ఆమె ఆ సంగతి చెప్పలేదు.

డెబ్బయ్ రెండులో, చెరకు నరికే రోజుల్లో, వడ్డాది దగ్గరి పల్లె నుంచి కబురొచ్చింది. గున్నమ్మ అనే రైతు ఇల్లాలి కోడలికి గాలి సోకిందట. కొడుకు గోవిందరావు ఫ్యాక్టరీకి చెరకు బండి తోలుకుపోయాడు. బంగార్రాజూ సన్యాసమ్మా వెళ్లేసరికి మిట్టమధ్యాహ్నం. వాకిలి నిండా జనం. కోడలు నూకరత్నాన్ని వసారా రాటకు కట్టేసి ఉంచారు. సన్యాసమ్మ దగ్గరికి వెళ్లి చెయ్యి వేసి చూసింది. ఒళ్లు పెనంలా కాలుతోంది.

ఆ పిల్ల ఎండిపోయిన పెదాలతో "యే, యే" అంటోంది. మంచినీళ్లడుగుతోంది, బర్మా భాషలో. సన్యాసమ్మకు సంగతి అర్థమైంది. ఏడెనిమిదేళ్ల కిందట బర్మా నుంచి ఓడల మీద వచ్చేసిన జనంలో ఈ పిల్లా ఒకతై ఉండాలి. జ్వరం నెత్తికెక్కి చిన్ననాటి మాట బయటికొస్తోంది.

"కోడలిది ఏ ఊరు వదినా?" అని గున్నమ్మను మెల్లగా అడిగింది.

"ఇశాపట్నమే. మంచి కుటుంబం. ఆ ఓడల్లో దిగిన బర్మా సంత కాదమ్మా! అలాంటిదని తెలిస్తే గడప తొక్కనిత్తానా? ఈపాటికి ఈడ్చి రోడ్డు మీద పారేద్దును" అంది గున్నమ్మ.

నిజం చెబితే ఈ జ్వరంతో పిల్ల రోడ్డు మీద చస్తుంది. చెప్పకపోతే ఇనుముతో చస్తుంది. సన్యాసమ్మ ఎప్పటిలాగే గొంతు సవరించుకుంది.

"అరవం, బాబూ. నాను దిగిపోతాను, దిగేక ఈ గుంటని సోడవరం ఆస్పత్రికి అట్టుకెళ్లండి, నేకపోతే మళ్లీ వచ్చేస్తాను అంటంది."

"దిగితే సాలమ్మా, అలాగే అట్టుకెళ్తాం" అని గున్నమ్మ చేతులు జోడించింది. సన్యాసమ్మను అక్క వరసతో అప్పా అని పిలిచే బంగార్రాజు మాత్రం కదల్లేదు. ఇన్నేళ్లు ఆమె పక్కన కూర్చుని ఆయన చెవీ కాస్త పదునెక్కింది.

"అప్పా, అరవం ఇలగుండదు. నాను ఇన్నాను కదా. ఇది ఏ మాటో నీకూ తెల్దు" అన్నాడు. ఇనుప చువ్వను నిప్పుల్లోకి తోశాడు.

జనం వెనక్కి జరిగారు. నూకరత్నం మళ్లీ నీళ్లడిగింది, ఇంకాస్త గట్టిగా. చువ్వ కొస ఎర్రబడసాగింది. సన్యాసమ్మకు పారిపోదామా అని కూడా అనిపించింది. కానీ ఆ పిల్ల మాట అర్థమయ్యేది ఆ వాకిట్లో తనొక్కదానికే. అర్థమయ్యాక ఎక్కడికి పోతుంది?

పిల్ల చెవి దగ్గరికి వంగింది. ముప్పయ్యేళ్లుగా నాలుక మీదికి రానివ్వని భాషలో, "నీళ్లిస్తారు తల్లీ, నోరు మూసుకో, ఇక ఒక్క మాటా మాట్లాడకు" అంది. నూకరత్నం కళ్లు తెరిచింది. అయినవాళ్లెవరో వచ్చినట్టు చూసి, నోరు మూసుకుంది.

సన్యాసమ్మ లేచి నిలబడి కొప్పు విప్పేసింది. అదే భాషలో కేకలు మొదలెట్టింది. శాపనార్థాలేమీ రావు ఆమెకు. బియ్యం, చేపలు, వాన వస్తోంది, అన్నం తిన్నావా. చిన్నప్పటి మాటలే గొంతు చించుకుని అరిచింది.

"ఓలమ్మో, ఈయమ్మ మీదకి దూకీసింది!" అని గున్నమ్మ గోల పెట్టింది. "గుంటకి నీళ్లట్టండి, బండి కట్టండి!"

కట్లు విప్పారు, నీళ్లు పట్టారు. ఎడ్లను తోలుకొస్తున్నారు. బంగార్రాజు చువ్వ పట్టుకుని సన్యాసమ్మ ముందుకొచ్చాడు. కళ్లలోకి చూశాడు. దెయ్యమూ లేదు, ఏమీ లేదని ఆయనకు తెలిసిపోయింది. పెదాలు కదలకుండా, "ఒగ్గీ అప్పా, ఊరుకో. అందరూ సూస్తన్నారు, నాను ఆగనేను" అన్నాడు.

ఊరుకుంటే దెయ్యం మళ్లీ కోడలి మీదికే పోయిందంటారు. ఎడ్ల మెడ మీద కాడి ఇంకా పడలేదు. సన్యాసమ్మ ఊరుకోలేదు. ఇప్పుడామెకు ఒకటే భయం. కాలినప్పుడు తెలుగులో ఏడుస్తానేమో! ఏడిస్తే అంతా అక్కడే తేలిపోతుంది.

బండి కదిలింది. ఇనుము భుజానికి తగిలింది. అరుపు బర్మా మాటలోనే వచ్చింది.

దెయ్యం ఇంకా ఊరు చెప్పలేదంటూ జనం గొణిగారు. బంగార్రాజు చువ్వను మళ్లీ నిప్పుల్లో పెట్టాడు.