ఎవరూ వెనక్కి పిలవని బేరం

మా ఇంట్లో ఎవరికీ కావలసిన వస్తువు వైపు నేరుగా చూసే అలవాటు లేదు. చిక్కపేట బట్టల బజారులో లైనింగు బట్టలు, చీరల ఫాల్స్, జాకెట్ ముక్కలు అమ్మే కొట్టు మాది. నడక రాకముందే నన్ను తానుల మధ్య కూర్చోబెట్టారట. వచ్చినవాళ్ల కళ్లూ చేతులూ కాళ్లూ చూసి మనసు కనిపెట్టడం అక్కడే నేర్చుకున్నాను. ఒకామె నెమలికంఠం రంగు ముక్క కోసం వస్తుంది. ముందు పసుపు ధర అడుగుతుంది. ఎరుపు విప్పించి పెదవి విరుస్తుంది. ఇక వెళ్లిపోతూ, ఏదో అప్పుడే కంటబడినట్టు, నెమలికంఠాన్ని వేలికొసతో తోసి "ఇదెంతలే" అంటుంది. మేం ధర చెబుతాం. ఆమె కొట్టు మెట్టు దిగుతుంది. మేం వెనక్కి పిలుస్తాం. అందుకోసమే ఆ మెట్టు కట్టించారా అన్నట్టుంటుంది.

ఈ నాటకంలో రెండు వేషాలూ నాకు కొట్టిన పిండి. పెళ్లిచూపుల్లో కూడా గోడ మీది క్యాలెండరునే చూస్తూ కూర్చున్నానని మా ఆయన ఇప్పటికీ దెప్పుతుంటాడు. నచ్చలేదేమోనని అప్పుడాయన తెగ భయపడిపోయాడట. నాకు కావలసిందీ అదే.

అలాంటి నా విద్య కిందటేడు వైట్‌ఫీల్డ్ దగ్గర ఒక పెద్ద హాల్లో నన్ను నిలువునా ముంచబోయింది.

కొట్టును ఇప్పటికీ నేనూ మా తమ్ముడూ కలిసే చూసుకుంటున్నాం. వాడి కూతురు మహదేవపురలో ఉద్యోగం చేస్తుంది. సినిమా నటులూ, కార్టూన్లకు గొంతిచ్చేవాళ్లూ వచ్చే అభిమానుల మేళా ఒకటి జరుగుతోందని మా ఇద్దరికీ పాసులు తెచ్చిచ్చింది. తను మాత్రం ఏదో కార్టూన్ వేషానికని ఆకుపచ్చ జుట్టు పెట్టుకుని స్నేహితులతో ముందే చెక్కేసింది. తమ్ముడు బయల్దేరింది వాడికి ప్రాణమైన ఒక హాస్యనటుడి కోసం. నేను బయల్దేరింది వాడు జనంలో తప్పిపోకుండా చూసుకోవడానికి.

కాడుగోడిలో మెట్రో దిగేసరికే మాకు సగం తమాషా అయిపోయింది. అట్టపెట్టెలతో రోబో వేషం కట్టిన ఒకడు టికెట్ గేటులో ఇరుక్కున్నాడు. సెక్యూరిటీ ఆయన వాడి చేతులు ఒక్కొక్కటీ ఊడదీసి, మనిషిని ఇవతలకు లాగి, మళ్లీ చేతులు తగిలించి పంపాడు. మా తమ్ముడు చప్పట్లు కొట్టాడు.

హాల్లోకి అడుగుపెట్టామో లేదో, ఎక్కడో మైకులో ఒక ఆడగొంతు వినిపించింది. "అందరికీ నమస్కారం. నన్ను మీరెవరూ చూసి ఉండరు."

తమ్ముడి చేయి పట్టుకుని అక్కడే ఆపేశాను.

ఆ గొంతు నాకు తెలుసు. నేను గల్లా దగ్గర కూర్చోవడం మొదలుపెట్టిన రోజుల్లో కొట్లో గోడకు ఒక చిన్న టీవీ ఉండేది. సాయంత్రాలు పిల్లల కార్టూన్ ఒకటి తెలుగులో వచ్చేది. అందులో ఒక ముసలి తాబేలమ్మ అడవిలో కొట్టు పెట్టుకుని ఉంటుంది. ఎలుగుబంటి వచ్చి తేనె చవగ్గా ఇమ్మన్నా, నక్క వచ్చి అరువడిగినా, మెడ మెల్లగా బయటకు చాచి, "కుదరదు... అయినా కూర్చో" అంటుంది. 'కుదరదు'లో ఇనుము. 'కూర్చో'లో వెన్న.

అప్పట్లో నాకు గొంతే లేదు. బేరం కనిపెట్టడం వచ్చుగానీ నిలబెట్టడం రాదు. ఎవరైనా గట్టిగా అడిగితే నా మాట పిల్లికూతయ్యేది. మా నాన్న తల పట్టుకునేవాడు. ఒకరోజు ఒక మొండి టైలరు ఎదుట ఏం చేయాలో తోచక, తాబేలమ్మలాగే మెడ చాచి, ఆ గొంతులోనే, "కుదరదు... అయినా కూర్చోండి" అనేశాను. ఆయన నవ్వి కూర్చున్నాడు. కూర్చున్న గిరాకీ వట్టిచేతులతో లేవడం తక్కువ. అదిగో, ఆనాటి నుంచీ నా వ్యాపారమంతా అరువు గొంతుతోనే.

కార్టూన్ చివర పేర్లు పరుగులు తీసేవి. గొంతిచ్చినవాళ్ల పేర్లు వాటిలో ఉండేవి కావు. ఇన్నేళ్లూ పేరు తెలియని మనిషి ఇప్పుడు ఇదే కప్పు కింద ఉంది. నాకు కావలసింది ఒక్కటే. ఆ మాట ఆవిడ నోటితో నాతో ఒక్కసారి అనాలి. మీ గొంతు పెట్టుకునే బతికానమ్మా అని నేను ఆవిడకు చెప్పాలి.

ముందు తమ్ముడి పని. హాస్యనటుడి ముందు వరస చాంతాడంత ఉంది. వాడి వంతు వచ్చేసరికి వాడు "అన్నా!" అని ఒక్క అరుపు అరిచి, తర్వాత ఏం మాట్లాడాలో మరిచిపోయి, ఆయన్ను కావలించుకుని ఏడ్చేశాడు. ఆయన వీడి వీపు తడుతూ, "ఊరుకో బ్రదర్, నేను నవ్వించేవాణ్ణని బయట చెప్పుకుంటున్నాను, నా పరువు తీయకు" అన్నాడు. చుట్టూ అందరూ ఘొల్లుమన్నారు. వాడు కళ్లు తుడుచుకుంటూ, కొత్త బట్టలేసుకున్న పిల్లాడిలా మెరిసిపోతూ వచ్చాడు. బేరంలో వాడు ఎప్పుడూ అంతే. ధర చెప్పకముందే తగ్గిస్తాడు.

వేదిక దగ్గర అడిగితే చూపించారు. నా మనిషి హాలు చివర ఒక బల్ల వెనక కూర్చుని ఉంది. తలంతా నెరిసింది, నేత చీర, ఎదురుగా రెండు పెన్నులు. బల్ల పక్కన బోర్డు మీద రాజకుమారి, రోబో, దేవకన్య బొమ్మలు. తాబేలమ్మ లేదు. చోటు చాల్లేదేమో అనుకున్నాను. అభిమానులు ఎదురుగా కూర్చోవడానికి వేసిన కుర్చీ ఖాళీగా ఉంది.

"అక్కా, ఆయమ్మ ఒక్కతే కూచోని ఉండాది. పోయి మాట్లాడు పా," అన్నాడు తమ్ముడు.

"ఉండప్పా. ఎగబడి పోతే చులకనైపోతాం."

"ఆయమ్మ నీకేమన్నా లైనింగు అమ్ముతా ఉండాదా?"

వాడికి జవాబు చెప్పకుండా కదిలాను. ముందు పక్క బల్ల మీది తేనెటీగ స్టిక్కర్ల ధర అడిగాను. బాగాలేదన్నట్టు పెదవి విరిచాను. తర్వాత, అప్పుడే చూసినట్టు, ఈ బల్ల వైపు తిరిగాను. ఆవిడ ముఖం విప్పారింది.

"రండమ్మా," అంది.

వెంటనే ఆ కుర్చీలో కూర్చోవాలనిపించింది. కానీ నోరు నాది కాదు, చిక్కపేటది. "మీరు సినిమాల్లో కూడా కనిపించారా?" అని అడిగాను.

"లేదమ్మా. గొంతు మాత్రమే."

"ఓ... గొంతు మాత్రమేనా!"

పట్టు కాదు, జరీ అంచు మాత్రమే అని తెలిసినప్పుడు కొనేవాళ్లు తీసే రాగం అది. ధర దించడానికి వాడతారు. అక్కడ ధరే లేదు. ఆవిడ నవ్వుతూనే, "అవునమ్మా, అంతే," అని పెన్నులు రెండింటినీ వరసగా సర్దుకుంది. నేను మెట్టు దిగినట్టు దిగి, నింపాదిగా నడక మొదలుపెట్టాను. చెవులు మాత్రం వెనక్కే ఉన్నాయి. ఇక పిలుస్తుంది. ఇదిగో, ఇప్పుడు పిలుస్తుంది.

"ఆంటీ, ఆంటీ!"

ఆనందంగా తిరిగాను. ప్లాస్టిక్ కత్తులు అమ్మే అబ్బాయి. "కత్తి కావాలా ఆంటీ? లైటు కూడా వెలుగుతుంది."

స్తంభం చాటున తమ్ముడు ఎదురుచూస్తున్నాడు. "ఏమాయె?"

"వెనక్కి పిలవలేదు."

వాడు నన్ను వింతగా చూశాడు. "ఏంటికి పిలుస్తాది? నువ్వు గిరాకీ అని ఆయమ్మకు ఎట్ల తెలుస్తాది? ఏమన్నావు ఆయమ్మను?"

చెప్పాను. వాడు నెత్తి కొట్టుకున్నాడు. "గొంతు మాత్రమేనా అంటివా! అక్కా, ఆ గొంతుతోనే కదా నువ్వు ఊరందరినీ ఆడించింది. అటు చూడు, ఆయమ్మ సంచీ సర్దుకుంటా ఉండాది. బేజారైపోయింది పాపం."

నిజంగానే ఆవిడ పెన్నులు సంచీలో వేసుకుంటోంది. దిగినవాళ్లు పిలవకుండానే తిరిగి మెట్టెక్కితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. వాళ్లకు ఎంత కావాలో మాకు తెలిసిపోతుంది. ఇక రూపాయి తగ్గించం. పైగా వెనక నవ్వుకుంటాం కూడా. నా జన్మలో ఎన్నడూ అలా తిరిగి వెళ్లలేదు. ఆ రోజు వెళ్లాను. నడిచాననుకున్నాను. పరుగెత్తావని తమ్ముడంటాడు.

"అమ్మా, వెళ్లకండి," అన్నాను. "ఇందాక నేనన్నది పట్టించుకోకండి. మీ కోసమే వచ్చాను. మీ తాబేలమ్మ గొంతుతోనే నేను వ్యాపారం చేసుకున్నాను. ఇన్నేళ్లూ."

ఆవిడ చేయి సంచీలోనే ఆగింది. నన్ను కాసేపు చూసి, నొచ్చుకుంటూ, "ఏ తాబేలమ్మా? నాకు గుర్తులేదమ్మాయ్," అంది.

నేను మళ్లీ బోర్డు వైపు చూశాను. తాబేలు లేనిది చోటు చాలక కాదన్నమాట.

"ఏమనుకోకు. ఆ రోజుల్లో ఒకే పూట కప్పా నేనే, రాణీ నేనే, పోలీసాయన పెళ్లామూ నేనే. బొమ్మ పెదాలు ఆడినంతసేపు మాట వేసి, తర్వాతి సీనుకు వెళ్లిపోయేదాన్ని. ఇల్లు చేరేసరికి ఏదీ గొంతులో ఉండేది కాదు. ఏమనేది ఆ తాబేలు?"

ఆవిడ దగ్గర లేదు. నా దగ్గర ఉంది. అంతమంది జనం మధ్య నేను మెడ చాచాను. చిక్కపేటలో ఎంతమంది మీద ఎన్ని రకాలుగా వాడానో ఆ గొంతును, వాటన్నిటిలోకీ మేలైనది తీసి ఆవిడ ముందు పరిచాను. "కుదరదు... అయినా కూర్చో."

కత్తుల అబ్బాయి ఇటు తిరిగాడు. ఆవిడ కళ్లు పెద్దవయ్యాయి. గొంతు సవరించుకుని తనూ అంది. తియ్యగా, గంట మోగినట్టు వచ్చింది.

"ఊహూ. ఇది దేవకన్య," అన్నాను.

"దించనా?"

"దించండి."

మళ్లీ అంది. "ఇంత చాలా?"

"ఇంకొంచెం."

"ఇంతకంటే దించితే నాకేం మిగలదమ్మాయ్!"

"సరే, గొంతు అక్కడే ఉంచండి. నిదానం పెంచండి. మొదటి మాటకూ రెండోదానికీ మధ్య ఎలుగుబంటి ఆశ వదులుకోవాలి."

తమ్ముడు వెనక నుంచి, "అమ్మా, ఇచ్చేయండి. మా అక్క విడిచే రకం కాదు," అన్నాడు.

ఆవిడ పకపకా నవ్వింది. తర్వాత కళ్లు మూసుకుంది. చీర కొంగులోంచి మెడ మెల్లగా, చాలా మెల్లగా ముందుకు వచ్చింది. ఒక్క రెప్ప ఎత్తి నన్ను చూసింది.

"కుదరదు..."

ఎదురుచూడనిచ్చింది.

"...అయినా కూర్చో."

ఆనాటి టైలరులాగే నేనూ ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చున్నాను. చేత్తో నోరు మూసుకుని నవ్వుతున్నానో ఏడుస్తున్నానో తెలియలేదు. ఆవిడ నా కంటే ఎక్కువ ఆశ్చర్యంలో ఉంది. "దొరికింది! ఇది నాదే! ఎక్కడ దాచావే ఇన్నాళ్లూ?" అని బల్ల మీద చరిచింది. ఇక ఆగలేదు. ఆ గొంతులోనే కత్తుల అబ్బాయిని పిలిచి, "ఏం నాయనా, కత్తితో వచ్చావ్, అరువు కోసమా?" అంది. వాడు నిజంగానే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఈలోగా ఎవరో అమ్మాయి, "ఒరేయ్, తాబేలమ్మ రా!" అని అరిచింది. ఆమె వెంట ఒక గుంపే ఉంది. కర్నూలు నుంచీ కరీంనగర్ నుంచీ వచ్చి బెళ్ళందూరు ఆఫీసుల్లో పనిచేసే పిల్లలట. చిన్నప్పుడు బడి నుంచి వచ్చి పాలు తాగుతూ ఆ కార్టూన్ చూసినవాళ్లట. "మేడమ్, మా మేనేజర్‌ని సెలవు అడిగినట్టు అడుగుతా, మీరు కుదరదనండి, వీడియో తీసుకుంటా!" అని ఒకడు బల్ల మీదికి వంగాడు. ఎవరెవరో తోసుకుంటూ వచ్చారు. "లైన్‌లో రండప్పా, ఆయమ్మకు ఊపిరాడనివ్వండి," అని కేకలేసి వరస కట్టించింది నేనే. కట్టించాక చూసుకుంటే అందరూ వరసలో ఉన్నారు, నేను బయట ఉన్నాను. ఆవిడతో ఫొటో కూడా దిగలేదు. ఆవిడ జనం మధ్య నుంచి నాకు చేయి ఊపింది, కానీ నేను కట్టించిన వరసను నేనే ఎలా దాటడం?

"ఇంగ పోదాం పా అక్కా. నీకు కావాల్సింది దొరికె కదా," అన్నాడు తమ్ముడు.

"నువ్వు పోయి కాఫీ తాగి రాపో. నాకు ఫొటో కావాల."

వరస చివరికి వెళ్లి నిలబడ్డాను. నా ముందు ఒక పొడుగు కుర్రాడు, నెత్తిన అట్టతో చేసిన పెద్ద కిరీటం. బల్ల దగ్గర మళ్లీ నవ్వులు లేచాయి. ఈసారి ఏమందో వినపడలేదు. మునివేళ్ల మీద లేచినా కిరీటమే అడ్డం. వాడి భుజం తట్టాను.

"బాబూ, అది కాస్త తీసి పట్టుకుంటావా? ఆవిడ కనిపించడం లేదు."