టోనర్ పొడి, నా జేబురుమాలు

రేపు మా కాలేజీలో నానో పదార్థాలను పీలిస్తే ఊపిరితిత్తులకు వచ్చే ముప్పు గురించి నేను మాట్లాడాలి. ఆ ప్రసంగం కాగితాలు జిరాక్స్ తీయించడానికి ఈ సాయంత్రం పలాసలో సింహాచలం షాపుకు వెళ్లాను. మధ్యలో మిషన్ ఆగిపోయింది. సింహాచలం మూత తీసి, లోపల పడిన టోనర్ పొడిని నోటితో ఉఫ్‌మని ఊదాడు. అదంతా అతని ముఖం మీదికే లేచింది.

"ఊదకయ్యా! ఆ పొడిలోనూ కంటికి కనపడనంత సన్నటి నలుసులుంటాయి. ఊపిరితిత్తుల్లోకి దిగిపోతాయి" అన్నాను కంగారుగా.

"కనబడకపోతే భయపడాల గానీ, ఇది నల్లగా కనబడతంది కదేటి మాస్టారూ!" అని నవ్వబోయి దగ్గాడు.

ముక్కుకు కట్టుకోమని నా జేబురుమాలు ఇచ్చాను. దాంతో మిషనంతా శుభ్రంగా తుడిచి, రుమాలు దులిపి, మడతపెట్టి నా చేతికిచ్చాడు.

ఒక్క మనిషికే చెప్పలేకపోయినవాణ్ని, రేపు హాలెడు మందికి చెప్పాలి. మీరైతే సింహాచలానికి ఎలా చెప్పేవారు?