సర్వర్ గడియారం వెనకబడిన ఉదయం

ఆ సరుకు రవాణా కంపెనీలో ఆవిడని అందరూ డాక్టరమ్మ అనేవారు. మందులిచ్చే డాక్టరు కాదు, కంప్యూటర్లు చూసే ఆవిడ. పదమూడేళ్లుగా మూడంతస్తుల్లోని నలభై కంప్యూటర్లకూ ఏ రోగమొచ్చినా ఆవిడే దిక్కు. ఏది ఎందుకు మొరాయిస్తుందో అంతా ఆవిడ బుర్రలోనే ఉండేది. కాగితం మీద ఒక్క ముక్క లేదు.

కిందటేడు తోడికోడలికి కూడా అక్కడే ఉద్యోగం వేయించింది. ఇంటి మనిషి, చెప్పినమాట వింటుందనుకుంది. ఆ చిన్నకోడలు వచ్చిన నెలకే ఒక పుస్తకం తెరిచింది. ప్రింటర్ కనబడకపోతే ఏం చేయాలి, అప్‌డేట్ పడ్డాక తెర నీలంగా మారి నిలిచిపోతే ఏ అప్‌డేట్ తీసేయాలి, ఇలా తెలిసిన లోపాలన్నీ విరుగుడుతో సహా రాసి ప్రతి బల్ల మీదా ఒక నకలు పెట్టింది. జనం తమ పని తామే చక్కబెట్టుకోసాగారు. డాక్టరమ్మకి ఫోన్లు తగ్గిపోయాయి. వచ్చినవి కూడా "చిన్నమ్మ ఉన్నారా అండీ?" అని.

మేనేజరు ఆ పుస్తకాన్ని నలుగురిలో మెచ్చుకుంటే డాక్టరమ్మ పైకి నవ్వింది, లోపల కుతకుత ఉడికిపోయింది. ఇంటికెళ్తే అత్తగారిదీ అదే పాట. "చిన్నది ఎంత చురుకో, రాగానే ఆఫీసంతా చక్కబెట్టేసింది." వంటింట్లో గిన్నెలు ఆ వారమంతా కాస్త గట్టిగానే చప్పుడు చేశాయి.

ఒకరోజు రాత్రంతా కరెంటు పోయి తెల్లారి వచ్చింది. తొమ్మిదింటికి ఎవరు పాస్‌వర్డ్ కొట్టినా తప్పంటోంది కంప్యూటరు. చిన్నకోడలు పుస్తకం పట్టుకుని బల్లబల్లకీ పరిగెత్తింది. 'పాస్‌వర్డ్ తీసుకోకపోతే కొత్తది ఇవ్వాలి' అని అందులో ఉంది. కొత్తది ఇచ్చినా అదే వరస.

డాక్టరమ్మ సర్వర్ గదిలోకి తొంగిచూసింది. అందరి పాస్‌వర్డులూ సరిచూసేది ఆ సర్వరే. లోపలి బ్యాటరీ నీరసించి దాని గడియారం నలభై నిమిషాలు వెనకబడింది. దాని గడియారానికీ బల్లల మీది కంప్యూటర్ల గడియారాలకీ ఐదు నిమిషాలకి మించి తేడా ఉంటే అది ఎవరినీ లోపలికి రానివ్వదు. పాత లోపమే, ఎన్నోసార్లు చూసింది. తలుపు మెల్లగా దగ్గరికి వేసి, వెళ్లి తన కుర్చీలో కూర్చుంది. టీ తెప్పించుకుంది. అప్పటికి తొమ్మిదీ ఇరవై.

కింద లారీ డ్రైవర్లు కాగితాల కోసం బారులు తీరారు. మేనేజరు గొంతు మెట్ల మీదుగా వినబడుతోంది. వింటుంటే ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. టీ అంత రుచిగా ఏనాడూ లేదు.

పదింటికి చిన్నకోడలు వచ్చి ఎదురుగా నిలబడింది. ముఖం చెమటతో తడిసిపోయింది.

"అక్కా, నా వల్ల కావట్లేదు. మీరొకసారి చూడండి."

డాక్టరమ్మ లేచింది. గడియారం సరిచేసి సర్వర్‌ని తిరిగి ఆన్ చేయడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆఫీసంతా తేరుకుంది. "మీరు లేకపోతే మునిగిపోయేవాళ్లం" అన్నాడు మేనేజరు. ఆ మాట కోసం ఏడాదిగా మొహం వాచిపోయి ఉంది ఆవిడ. తీరా వచ్చాక రుచించలేదు.

సాయంత్రం చిన్నకోడలు పుస్తకం ముందు పెట్టింది. "ఈ గడియారం లోపం మీ చేత్తోనే రాయండక్కా. నా రాతలో అసలు సంగతే లేకపోయింది."

డాక్టరమ్మ లోపం గుర్తు, కారణం, విరుగుడు రాసింది. చివరి గడి 'ఎప్పుడు కనిపెట్టారు' అని. పెన్ను ఆగింది. పది అని రాస్తే ఎవరికీ తెలియదు. కాసేపటికి 9.20 అని రాసింది.

చిన్నకోడలు చదివింది. పుస్తకం మూసింది. "నా మీద అంత కోపమా అక్కా?" అని మెల్లగా అడిగింది.

"కోపం కాదు. ఓర్వలేకపోయాను" అంది డాక్టరమ్మ.

ఆ రాత్రి భోజనాల దగ్గర అత్తగారు ఆఫీసు గొడవ గురించి అడిగింది. "అక్కే బాగుచేసింది, నాకసలు తట్టనేలేదు" అంది చిన్నకోడలు. ఆ గడి సంగతి ఇంట్లో గానీ మేనేజరుకి గానీ ఏనాడూ చెప్పలేదు. డాక్టరమ్మ అన్నం కెలుకుతూ కూర్చుంది. ఇప్పుడు ఆ పిల్ల తెలివి ఒక్కటే కాదు, మంచితనం కూడా చూసి ఓర్చుకోవాల్సి వచ్చింది. అది ఇంకా కష్టంగా ఉంది.

మర్నాటి నుంచి రోజుకో లోపం చొప్పున బుర్రలో ఉన్నదంతా చెప్పసాగింది. చిన్నకోడలు రాసుకునేది. ఎవరైనా వచ్చి ఆ పిల్లని మెచ్చుకుంటే మాత్రం డాక్టరమ్మ మధ్యలో ఆపి, మంచినీళ్ల కోసం లేచి వెళ్లేది.