పడుకోబెట్టి చూసిన బండి

నడిచే కాలికీ నడవలేని కాలికీ ఒక్కటే త్రోవ పరచిన పరమేశ్వరునికి ముందుగా నమస్కరిస్తున్నాను. స్వస్తిశ్రీ చాంద్రమానమున విశ్వావసు నామ సంవత్సర మార్గశిర బహుళ సప్తమి నాడు, మార్కాపురంలో, పలకల షెడ్ల వెనుకనున్న ఖాళీ జాగాలో జరిగిన సంగతి ఇది.

ఆనాడు నేను నా మనుమనికి మోటారుసైకిలు చూడటానికి పోయినాను. చూడటానికి అంటున్నానే గాని, ఆ బండి వానిని బ్రతికిస్తుందో, తీసుకొనిపోతుందో తేల్చుకోవటానికి పోయినానన్నదే నిజం.

వాడు గిద్దలూరులో బండ్ల మరమ్మతు దుకాణం నడిపేవాడు. బాగుచేసిన ప్రతి బండినీ నంద్యాల త్రోవలో అడవి మొదలయ్యేదాకా నడిపి చూచిన తరువాతనే యజమానికి అప్పగించేవాడు. నిరుటి వానకాలంలో ఆ త్రోవలోనే లారీ తగిలి, ఎడమకాలు మోకాటి క్రింద తీసివేయవలసి వచ్చినది. కట్టుడుకాలు వచ్చినది, నడక వచ్చినది, మా పిల్లవాడు మాత్రం తిరిగి రాలేదు. మోటారుసైకిలుకు గేర్లు మార్చేది ఎడమ పాదమే కదా. దించిన దుకాణం తలుపు వాడు మరల ఎత్తలేదు. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. నా కోడలు ఒకనాడు వడ్రంగిని పిలిపించి, వాని గది లోపలి గడియను ఊడదీయించినది. ఎందుకని మేమెవ్వరమూ అడుగలేదు.

అటువంటివాడు కార్తీకమాసంలో ఒక ఉదయం నా కుర్చీ ప్రక్కకు వచ్చి నిలబడినాడు.

"తాతా, కరెంటుతో పోయే రేసు బండ్లు వచ్చినాయంట. క్లచ్చు లేదు, గేర్లు లేవు. ఎడమకాలితో పనే ఉండదు."

నాకు ప్రాణం లేచివచ్చినట్లయినది. కూర్చోమన్నాను. వాడు ఆ బండిని గురించి చాలాసేపు చెప్పినాడు. చెప్పినదంతా వేగమే. ఎంతలో ఎంత వేగం అందుకుంటుంది, అంతకుమించి ఎంత పోతుంది. ఒకసారి ఛార్జింగు పెడితే ఎంత దూరం వస్తుందని నేను అడిగినాను.

"అది చూడలేదు తాతా" అన్నాడు.

చిన్ననాటి నుండి బండ్ల మధ్యనే పెరిగినవాడు పోయే వేగం తెలుసుకొని, తిరిగి వచ్చే దూరం తెలుసుకోలేదు. వద్దంటే ఆ గదిలోకే పోతాడు. సరేనంటే ఆ అడవి త్రోవకే పోతాడు. ఏండ్ల తరబడి పిల్లలకు పద్యాల తాత్పర్యం చెప్పినవాడను, వాని ఒక్క మాటకు తాత్పర్యం ఎవరినడగాలో నాకు తోచలేదు.

నగరంలోని ఒక దుకాణంవారు అప్పుడప్పుడు అటువంటి బండ్లను మినీలారీలో మార్కాపురానికి తెచ్చి నడిపి చూపుతారని వాడే చెప్పినాడు. ఒంటరిగా పోవటానికి ధైర్యం చాలక, కొనకనమిట్లలో సేద్యం చేసే నా బావమరిదిని తోడు రమ్మన్నాను. వారి ఊరిలో ఎవరు ఎద్దును కొనాలన్నా ఆయన పోయి చూడవలసినదే. మౌఢ్యం నడుస్తున్నదని నేను సంకోచిస్తే ఆయన నవ్వినాడు.

"మూఢంలో ఎద్దును చూడొచ్చు బావా. తోలుకోని రాకూడదు, అంతే."

మేము పోయేసరికి రెండు బండ్లు దించి ఉన్నవి. ఒకటి ఎత్తైన ఎర్రది, అన్నిటికన్న వేగం గలది. రెండవది కొంచెం పొట్టిది, బూడిదరంగుది. నడిపి చూపటానికి వచ్చినది ఒక అమ్మాయి. ఎర్రబండిని ఆమె ఆ కొసదాకా తీసుకొనిపోయి రెప్పపాటులో మా ముందు నిలిపినది. పలకల పొడి లేచినదే గాని చప్పుడు లేదు.

"ఏంది పాపా, కుక్కలు గూడ మొరగలేదే!" అన్నాడు బావమరిది.

"అదే దీని గొప్ప తాతా."

"గొప్పో గోలో. ఎదురొచ్చేటోనికి ఎట్ల తెలుస్తాది?"

మనుమడు వారి మాటలు వినటం లేదు. ఎర్రబండి మీద చేయి వేసి నిలబడినాడు. ఏడాది తరువాత వాడు ఒక యంత్రాన్ని తాకటం అదే మొదలు. సంతోషించవలసిన నేను, చూడలేక తల త్రిప్పుకున్నాను.

అంతలో బావమరిది తన సంచిలోనుండి గోనెపట్టాలు తీసి నేలమీద పరచినాడు.

"పాపా, దీన్ని పడుకోబెట్టు."

"ఏంటి తాతా?"

"పడుకోబెట్టి లేపి చూడంది మేము ఎద్దునే కొనం. ఇది ఎద్దు మాదిరి తనంతట లేసేది గూడ గాదు."

"అద్దం పగిలితే నా ఉద్యోగం పోతుంది."

"పోతే మా ఊరికి రా. బర్రెలు కాచుకుందువు."

ఆమె నవ్వి, దుకాణంవారికి ఫోను చేసి అడిగి, చివరకు ఒప్పుకున్నది. ముగ్గురూ కలిసి ఎర్రబండిని గోనెల మీదికి మెల్లగా వాల్చినారు. బావమరిది మనుమనితో "ఇప్పుడు ఒక్కనివే లేపు నాయనా" అన్నాడు.

వాడు వంగి హ్యాండిలు పట్టి లాగినాడు. పలక పెచ్చుల మీద కట్టుడుకాలు జారినది. మోకాలి మీద పడి లేచి మరల పట్టినాడు. మెడనరాలు ఉబ్బినవి. బండి కదలలేదు. నేను ముందుకు పోబోతే బావమరిది నా ఉత్తరీయం పట్టి ఆపినాడు. కొంతసేపటికి మనుమడు చేతులు దులుపుకొని నిలబడినాడు.

"లేపే పని పడదులే తాతా" అన్నాడు, చిన్నగా నవ్వుతూ.

ఆ నవ్వు చూచి ప్రక్కనున్న పెచ్చుల కుప్ప మీద కూలబడినాను. మా ఇంట్లో ఎవ్వరమూ పైకి అనని మాట నా నోట వచ్చినది.

"ఎందుకు పడదురా? పడిన బండి దగ్గర నువ్వు ఉండవనా?"

వాడు కాదనలేదు. నా ఎదుటనే నేల చూస్తూ నిలబడినాడు. అంతకన్న స్పష్టమైన జవాబు నాకు అక్కరలేకపోయినది. నాకు కంఠస్థమైన స్తోత్రాలలో ఒక్కటీ నాలుకపైకి రాలేదు.

గడియ సంగతి ఎరుగని బావమరిది మాత్రం కోపగించినాడు. "ఏం మాట్లాడుతుండావురా? బండికి కట్టిన ఎద్దు బురదలో పడదా? మా కాడ లేపలేనోనికి ఎద్దును అమ్మనే అమ్మరు. నువ్వేమో రేసు బండి కావాలని వచ్చినావు!"

వాడు తలయెత్తి ఆయనను చూచినాడు. వానిని ఎవరైనా అట్లా తిట్టి ఏడాదయినది. ఇంట్లో మేమందరం మెత్తగా మాట్లాడేవాళ్ళమే.

"ఆ పొట్టిదాన్ని పడుకోబెట్టమ్మా" అన్నాడు మనుమడు ఆ అమ్మాయితో.

బూడిదరంగు బండిని వాల్చినారు. ఈసారి వాడు వెంటనే పట్టుకోలేదు. చుట్టూ తిరిగి చూచినాడు. పెచ్చులను కుడికాలితో నెట్టి నేల శుభ్రం చేసుకున్నాడు. బండికి వీపు త్రిప్పి, నడుమును సీటుకు ఆనించి, ఒక చేత హ్యాండిలు, మరొక చేత వెనుక కమ్మీ పట్టి, కుడికాలు తన్నిపట్టి వెనుకకు నెట్టినాడు. బండి సగం లేచి పడినది. మరల నెట్టినాడు, మరల పడినది. నేను కండ్లు మూసుకున్నాను.

"లేసె!" అని బావమరిది కేక వినిపించినది.

బండి నిలిచి ఉన్నది. వాడు దానికి ఆనుకొని రొప్పుతున్నాడు, చొక్కా తడిసిపోయినది. అమ్మాయి పరుగున పోయి స్టాండు వేసినది. ఊపిరి కుదుటపడిన తరువాత వాడు ఆమెను అడిగినాడు.

"గిద్దలూరు నుంచి కొమరోలు పోయి మళ్ళా ఇంటికి రావాలంటే ఛార్జింగు సరిపోతాదా?"

కొమరోలు ఆ అడవి త్రోవలోది కాదు. ఆమె ఏమి చెప్పినదో నేను వినలేదు. ఉత్తరీయం ముఖానికి అడ్డుపెట్టుకొని ఉన్నాను.

భయం తీరినదని వ్రాయలేను. బస్సు ఎక్కేముందు వాడు ఎర్రబండి వైపు తిరిగి చూచినాడు. దారి పొడవునా నేను వాని ప్రక్కన, కిటికీకి అడ్డంగా కూర్చున్నాను. గది గడియ నేటికీ బిగించలేదు.

మౌఢ్యం వెళ్ళిన తరువాత, ఫాల్గుణ శుద్ధ దశమి నాడు బూడిదరంగు బండి గిద్దలూరికి వచ్చినది. ఆ మధ్యాహ్నం వాడు కొమరోలు పోయి, పొద్దుగూకక ముందే ఇంటికి తిరిగి వచ్చినాడు.