రూలీ పడుకున్న వెనకగది

ఫ్రౌకె హౌజింగా నోటికి జడవని మనిషి ఆ ఊళ్లో లేడు. ఆమె ఒంట్లో సరిగా కదిలేవి నోరూ, కుడిచేతి వేళ్లూ మాత్రమే. కండరాలు కరిగిపోయే జబ్బు చిన్నతనంలోనే పట్టుకుంది. అయినా వాళ్లమ్మ పోయాక ఏ ఆశ్రమానికీ పోనని మొండికేసి, చక్రాల కుర్చీలోంచే సొంత కాపురం నడుపుకొచ్చింది. ప్రభుత్వం ఆమె పేర సంరక్షణ బడ్జెట్ మంజూరు చేస్తుంది. ఎవరిని పనిలో పెట్టుకోవాలో, ఎన్నింటికి రమ్మనాలో అంతా ఆమె ఇష్టం. ఆమె పెట్టుకున్న మనిషి రూలీ.

రూలీ అదే వీధిలో నాలుగిళ్ల అవతల ఉండేది. బస్సు నడిపే భర్త హఠాత్తుగా పోయాక, ఒంటరిగా మిగిలిన భార్యలకిచ్చే భత్యంతో నెట్టుకొస్తోంది. పగటిపూట ఫ్రౌకె దగ్గర చేసే పనికి వచ్చే జీతం వివరం భత్యమిచ్చే ఆఫీసుకు ఎప్పటికప్పుడు తనే తెలియజేసేది. దాపరికం ఆమెకు చేతకాదు.

"మోయ్, పిల్లా! బతికున్నావా?" అని ఆ ఊరి యాసలో పలకరిస్తూ పొద్దున్నే తలుపు తోసుకొచ్చేది.

"నీ కాఫీ ఇన్నేళ్లు తాగీ చావలేదంటే ఇక చావను," అనేది ఫ్రౌకె.

లేపడం, కడగడం, బట్టలు తొడగడం, కుర్చీలో కూర్చోబెట్టడం అంతా ఈ వేళాకోళంలోనే అయిపోయేది. ఒక చలికాలం ఫ్రౌకెకు గొంతులో కఫం అడ్డుపడి, పక్కకు తిరగలేక ప్రాణం మీదికొచ్చింది. అప్పటినుంచి చలి ముదిరిన రోజుల్లో రూలీ వారానికి నాలుగైదు రాత్రులు వెనకగదిలో పడుకునేది. మధ్యలో లేచి ఫ్రౌకెను అటు ఇటు తిప్పేది. దానికి జీతం ఇస్తానంటే ఒప్పుకునేది కాదు.

"మా ఇంట్లో అయినా నిద్రే, ఇక్కడైనా నిద్రే. నిద్రపోయినందుకు ఎవరైనా డబ్బు పుచ్చుకుంటారా? నవ్విపోతారు!"

ఫ్రౌకెకు విసుగంతా కాగితాల మీదే. బీమా వాళ్లు ఒకటి అడుగుతారు. మునిసిపాలిటీ వాళ్లు అదే మళ్లీ అడుగుతారు. జీతాలు చెల్లించే ఆఫీసు అదే మూడోసారి అడుగుతుంది. చిన్నప్పటినుంచీ ఉన్న జబ్బు ఈ ఏడాది కూడా ఉందా అని డాక్టరు చేత రాయించి పంపమంటారు. ఒకసారి ఒళ్లు మండి, "నిరుడు క్రిస్మస్‌కి లేచి నాట్యం చేశాను, ఫోటో పంపమంటారా?" అని వెటకారంగా జవాబు రాసింది. ఆ ఉత్తరం పై అధికారుల దాకా వెళ్లింది. వాళ్లు కోప్పడలేదు. అన్ని ఆఫీసులనూ కలిపే కొత్త కంప్యూటర్ ఏర్పాటు ఒకటి తయారవుతోంది, మీలాంటి వాళ్ల సలహా కావాలి, రండి అన్నారు.

రెండేళ్లపాటు ఆమె ఆ సమావేశాలకు తిరిగింది. కుర్చీ రైలెక్కడానికి వాలుగా రేకు బల్ల వేసే మనిషి రాక ఎన్నోసార్లు ప్లాట్‌ఫారం మీద వానలో తడిసింది. ప్రతిచోటా ఒకే మాట చెప్పింది: "మమ్మల్ని ఒక్కసారి అడగండి. ఆ తర్వాత మీలో మీరు మాట్లాడుకోండి." ఆ మాట అందరికీ నచ్చింది. ఏర్పాటు మొదలైన రోజున ఆమె చేతనే మొదటి మీట నొక్కించారు. రూలీ కేకు తెచ్చి, ముక్కలు చేసి నోట్లో పెడుతూ, "రాణీగారూ, ఇకనుంచి మాకు మీ దర్శనం దొరుకుతుందా?" అని ఏడిపించింది.

కొత్త ఏర్పాటులో తన వివరాలు నింపుతున్నప్పుడు ఒక ప్రశ్న దగ్గర ఫ్రౌకె ఆగింది: రాత్రిపూట మీకెవరు సాయం చేస్తారు? పాత కాగితాల్లో ఆ ప్రశ్న లేదు. ఇన్నేళ్లుగా లెక్కలోకి రాని కష్టం ఇప్పటికైనా వస్తుందనుకుంది. రాత్రి పనికి గంటలు మంజూరైతే, వద్దన్నా రూలీ చేతిలో జీతం పెట్టవచ్చు. మూడు వేళ్లతో మెల్లగా రాసింది: "రూలీ. వారంలో సగానికి పైగా రాత్రులు మా ఇంట్లోనే ఉంటుంది. ఆమెకు విడిగా గది ఉంది." రూలీకి చెప్పలేదు. మంజూరయ్యాక చెప్పి ఆశ్చర్యపరుద్దామనుకుంది.

గంటలు మంజూరు కాలేదు. బీట్‌దుంపలు తవ్వే శరత్కాలం రోజుల్లో భత్యాల విభాగం మనుషులు ఇద్దరు రూలీ ఇంటి తలుపు తట్టారు. పళ్లు తోముకునే బ్రష్ ఎక్కడుంటుందని అడిగారు. ఫ్రిజ్ తెరిచి పాలు తాజావో కావో చూశారు. ఎదురింటివాళ్లను కూడా విచారించారు. మరో మనిషితో కలిసి కాపురం ఉంటూ ఒంటరినని చెప్పిందని తేల్చారు. ఒకే ఇంట్లో ఎవరితో కలిసి ఉన్నా, ఆడవాళ్లతోనైనా సరే, ఆ భత్యం రాదట. భత్యం ఆపేశారు, తీసుకున్నది వెనక్కి కట్టమన్నారు.

ఆ మధ్యాహ్నం రూలీ వచ్చి, కోటు విప్పకుండానే కుర్చీలో కూలబడింది.

"వాళ్లకెలా తెలిసింది, పిల్లా?"

ఫ్రౌకె తలదించుకోలేదు, మెడ వంగదు. "నేనే రాశాను. నీకు జీతం రావాలని."

"మీలో మీరు మాట్లాడుకోండి అన్నావుగా," అంది రూలీ. "మాట్లాడుకున్నారు."

మర్నాడే ఫ్రౌకె మునిసిపాలిటీకి వెళ్లింది. సమావేశాల్లో తన పక్కనే కూర్చుని సలహాలు రాసుకున్న హెస్టర్ అనే అధికారి ఎదురొచ్చి కాఫీ ఇప్పించింది.

"అక్కడున్నది తప్పు సమాచారం కాదు కదా, ఫ్రౌకె? నువ్వే రాశావు."

"నన్ను ఒక పక్కకు ఎవరు తిప్పుతారని అడిగారు, చెప్పాను. ఆమె ఎవరితో కాపురం చేస్తుందని మీరడగలేదు, నేను చెప్పలేదు!"

"అవును. కానీ భత్యాల విభాగానికి కనిపించేది ఒక్కటే మాట, 'ఇంట్లోనే ఉంటుంది' అని. అదే విషయం మళ్లీ మళ్లీ అడగొద్దని నువ్వే కదా పట్టుబట్టావు."

"అడిగి ఉండాల్సింది," అంది ఫ్రౌకె. హెస్టర్ బాధపడింది. అభ్యంతరం ఎలా దాఖలు చేయాలో ఓపిగ్గా చెప్పింది. అంతకుమించి ఆమె చేతుల్లో ఏమీ లేదు.

అభ్యంతరం మీద తీర్పు రావడానికి దాదాపు ఏడాది పట్టింది. రూలీ వెనకగదిలో పడుకోవడం మానేసిన నాటినుంచి ఒంటరిదేనని ఒప్పుకుని, అప్పటినుంచి భత్యం తిరిగి ఇచ్చారు. అంతకుముందుది కట్టాల్సిందే. రూలీ భర్త దాచిన సొమ్ము దానికే పోయింది. వృద్ధాశ్రమంలో దుప్పట్లు ఉతికే పనిలో చేరింది. ఫ్రౌకె ఇంటికి పగలు కూడా రావడం మానేసింది. "నేను నీ దగ్గర సూప్ తాగినా ఎక్కడో ఎవరో రాసుకుంటారేమోననిపిస్తుంది," అని వీధిలోనే నిలబడి చెప్పింది. అందులో కోపం లేదు. కోపగించుకుంటే ఫ్రౌకెకు ఎంతో నయంగా ఉండేది.

రాత్రులకు ఏజెన్సీ వాళ్లు మనుషుల్ని పంపారు. వారానికొక కొత్త ముఖం. ఒకడు పాపం ఫోన్ చూస్తూ నిద్రపోయాడు. ఒకావిడ పిలిచినా రాలేదు. తుంటి మీద పుండు పడి, అది ఎముకదాకా దిగింది. ఆస్పత్రి నుంచి తిరిగొచ్చాక ఫ్రౌకె బడ్జెట్ వదులుకుని, పట్నంలోని సంరక్షణ గృహానికి పోవడానికి ఒప్పుకుంది. వద్దని వాదించడానికి ఆ నోటికి ఓపిక లేకపోయింది.

వ్యాను ఎక్కిస్తుంటే రూలీ సైకిలు దిగి దూరంగా ఆగింది.

"చలి కదా, మెడకు ఏమైనా చుట్టారా?" అంది.

"చుట్టారు. దగ్గరికి రాకూడదా?"

"పనికి ఆలస్యమవుతోంది, పిల్లా." ఆమె సైకిలెక్కింది. కాలువ వంతెన దాకా వ్యానూ సైకిలూ ఒకే దారిన వెళ్లాయి. ఆ తర్వాత వ్యాను ఎడమకు తిరిగింది.

కొత్తచోట ఒక పడుచు నర్సు చేతిలో కంప్యూటర్ పలక పట్టుకుని ఆమె మంచం పక్కన నిలబడింది. కొత్తగా అడగాల్సిందేమీ లేదు, వివరాలన్నీ ముందే వచ్చేశాయంది.

"మీతో కలిసి ఉండే ఆవిడ... రూలీగారు. చూడ్డానికి ఎప్పుడొస్తారు? లోపలికి పంపమని గేటు దగ్గర చెప్పి ఉంచుతాను."

"ఆవిడ నాతో ఎప్పుడూ కలిసి ఉండలేదమ్మా," అంది ఫ్రౌకె.

ఆ పిల్ల పలక వైపొకసారి చూసి, ఏమనుకుందో, దాన్ని పక్కనపెట్టి ఫ్రౌకెను మెల్లగా గోడవైపు తిప్పింది. బాగానే తిప్పింది. ఎక్కడా నొప్పి పుట్టలేదు.