ఖర్జూరపు ఒంటెలు

మా పక్క ఫ్లాట్ ఆంటీ ఇక లేరు. గురువారం పొద్దున నేను వన్-నార్త్‌లో ఆఫీసు లిఫ్ట్ ఎక్కబోతుంటే వాళ్లబ్బాయి ఫోన్ చేసి, "అక్కా, అమ్మ వెళ్లిపోయింది" అన్నాడు. ఏడుపుకంటే ముందు నాకొచ్చిన ఆలోచన చెబితే మీరు నవ్వుతారేమో. పర్షియా ఆఖరి యుద్ధం చెప్పకుండానే వెళ్లిపోయారే, అనుకున్నాను.

ఆంటీ మలేషియాలో పుట్టిన తెలుగావిడ. పెళ్లయ్యాక ఇక్కడికి, సింగపూర్‌కి వచ్చి, బడిలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. మేము గుంటూరు నుంచి వచ్చి బుకిట్ పంజాంగ్‌లో దిగిన కొత్తలో ఒక శనివారం తలుపు తట్టి, "రెండు రకాల పప్పులుంటే ఇస్తావా అమ్మా?" అని అడిగారు. వంటకేమో అనుకుని ఇచ్చాను. యుద్ధానికట!

అప్పటి నుంచి ప్రతి శనివారం సాయంత్రం వాళ్ల డైనింగ్ టేబులే మాకు రణరంగం. పెసలు పర్షియన్లు. కందిపప్పు వాళ్లమీదికి వచ్చినవాళ్లు, గ్రీకులైనా రోమన్లైనా. మడత పెట్టిన తువ్వాలు నది. ఆంటీ ఎప్పుడూ పెసల వైపు కుర్చీలోనే కూర్చునేవారు. కథ అయిపోగానే రెండు సైన్యాలనూ చేత్తో కలిపేసి, కడిగి కుక్కర్లో పోసేవారు. "కొట్టుకున్నది చాలు, ఇంక మకాన్" అనేవారు. మలయ్‌లో మకాన్ అంటే తినడం. పెసలు నానబెట్టనివి కాబట్టి సరిగ్గా ఉడికేవి కావు. అన్నంలో పర్షియన్లు ఎప్పుడూ పంటికింద తగిలేవాళ్లు. ముందే నానబెడదాం ఆంటీ అంటే, "నానిన సైన్యంతో యుద్ధమేంటమ్మా!" అని కసిరేవారు.

గెలిచిందెవరని తొందరపడితే ఆవిడకి చిరాకు. "అది తర్వాత. గుర్రాలకి మేత ఎవరు పెట్టారు? ముందు అది అడుగు" అనేవారు. పరీక్షల కోసం చరిత్రను బట్టీపట్టి మర్చిపోయినదాన్ని నేను. అలాంటిది, పడవలు పక్కపక్కన కట్టి సముద్రం మీద వంతెన వేయించిన రాజు కథ విన్నరోజు గరిట చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. తుఫాను ఆ వంతెనను తెంచేస్తే మళ్లీ కట్టించాడట. మనుషులు ఇంత పని చేయగలరా అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

పర్షియాను ఏలిన పార్థియన్ల కథ మాత్రం మా ఇంట్లో ఎవరూ మర్చిపోలేరు. ఎడారిలో రోమన్లు డాళ్ల చాటున దగ్గరదగ్గరగా నిలబడ్డారు. చుట్టూ గుర్రాల మీద పార్థియన్లు, ఆగకుండా బాణాలు. ఎన్ని బాణాలుంటాయిలే, కాసేపటికి అయిపోతాయని రోమన్ల ధైర్యం. ఆంటీ లేచి, పెసల వెనక ఎండు ఖర్జూరాలు వరసగా పెట్టారు. గొంతు తగ్గించి, "అదిగో, ఒంటెలు. వాటి మీద ఉన్నవన్నీ బాణాలే" అన్నారు. సరిగ్గా అప్పుడే మా ఆయన మార్కెట్ నుంచి వచ్చి, ఒక ఖర్జూరం తీసి నోట్లో వేసుకున్నారు.

"డాడీ! యూ ఏట్ ది కేమెల్ లా!" అని మా అమ్మాయి కేక పెట్టింది.

"అలమాక్! రోమన్లు నిన్ను ముందుగా పంపాల్సింది తమ్ముడూ. చరిత్రే మారిపోయేది" అని ఆంటీ పడీపడీ నవ్వారు.

సామ్రాజ్యం తర్వాత సామ్రాజ్యం చెప్పుకుంటూ పర్షియా చివరి రాజవంశం సస్సానియన్ల దాకా వచ్చాక ఆంటీ ఆగిపోయారు. ఆఖరి యుద్ధం ఎప్పుడని మా అమ్మాయి అడిగినప్పుడల్లా, వచ్చే వారం అనేవారు. ఈలోగా జబ్బు ముదిరింది. ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చుని, "ఆంటీ, యూ ప్రామిస్డ్" అంది ఇది. ఆంటీ దాని చెయ్యి పట్టుకున్నారు. "చెప్పాలనే ఉంది పాపా. వాళ్లు పడిపోవడం నా నోటితో రావట్లేదు. నువ్వు చదువుకుని చెప్పు. కథ సగంలో వదలొద్దు. వండకుండా లేవొద్దు." అది తల ఊపింది గానీ, ఇంటికొచ్చాక, తన వల్ల కాదని ఏడ్చింది.

మొన్న శనివారం వాళ్లబ్బాయి తలుపు తీసి మమ్మల్ని అదే టేబుల్ దగ్గర కూర్చోబెట్టాడు. ఆంటీ కుర్చీలో ఎవరం కూర్చోలేదు. మా అమ్మాయి దాని ముందు పెసలు పోసి, కథ మొదలుపెట్టింది. సస్సానియన్లు రోమన్ల తూర్పు రాజ్యం బైజాంటియంతో ఏళ్ల తరబడి పోరాడి ఇద్దరూ చితికిపోయారని చెప్పింది.

ఆంటీ లేరు కదా, నేను అడిగాను. "గుర్రాలకి మేత ఎవరు పెట్టారు?"

"ఎవరూ మిగల్లేదమ్మా. దట్స్ ది ప్రాబ్లమ్."

తర్వాత అరబ్బులు ఎడారి దాటి వచ్చారంటూ గుప్పెడు ఖర్జూరాలు తీసింది. ఒక్క క్షణం తటపటాయించి, వాటిని అవతలి వైపున, కందిపప్పు పక్కన పెట్టింది. అప్పుడు పెసల వెనక నిలబడ్డ ఒంటెలే, ఇప్పుడు ఎదురుగా వస్తున్నాయి. ఆంటీ ఎందుకు చెప్పలేకపోయారో నాకు తెలిసింది. వాళ్లబ్బాయి కళ్లు తుడుచుకున్నాడు. మా అమ్మాయి ఆగలేదు. చివరి రాజు పారిపోయి ఒక పిండిమరలో చనిపోయేదాకా చెప్పింది. చెప్పి, రెండు సైన్యాలనూ తన చేత్తోనే కలిపింది.

వండుకుని అక్కడే తిన్నాం. పెసలు ఈసారీ పంటికింద తగిలాయి. మా ఆయన చెయ్యి ఖర్జూరాల మీదుగా జాగ్రత్తగా వెళ్లి నీళ్ల గ్లాసు అందుకుంది. ఆయన ఒక్కటీ ముట్టుకోలేదు. మేం లేచేసరికి ఒంటెలన్నీ ఆంటీ ఖాళీ కుర్చీ ఎదుట, వరస చెదరకుండా నిలబడే ఉన్నాయి.